ఒకటో లెవెల్ ముత్తక్క

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే మనుషుల్లో జోయెల్‌ది మొదటి వరస. ఖమ్మంలో తల్లి ఇంటి మేడమీది గదిలో కూర్చుని మూడేళ్ళుగా అతడు ఒక కంప్యూటర్ ఆట తయారు చేస్తున్నాడు. పేరు 'ఏడుగుట్టల అడవి'. ఆడేవాళ్ళు ఒక వీరుడి రూపంలో అడవిలోకి వెళ్ళాలి. దారిలో పందులనూ ఎలుగులనూ కొట్టాలి, పెట్టెలు తెరిచి అందులో ఉన్నది దండుకోవాలి, మంచె కనిపిస్తే ఎక్కి ఒక కునుకు తీయాలి. పెట్టె తెరిచినా, కునుకు తీసి లేచినా లెవెల్ పెరుగుతుంది. చివరికి ఏడో గుట్ట మీద బండరాకాసిని చంపి వాడి పెట్టె తెరవాలి. అక్కడితో ఆట ఖతం.

ఈ ఆటలో రెండు సంగతులంటే జోయెల్‌కు ప్రాణం. దారి ఒక్కటే ఉండడం మొదటిది. రెండు పక్కలా పిల్లి కూడా దూరలేనంత దట్టంగా పొదలు పెట్టాడు, ఎవరూ దారి తప్పకూడదని. రెండో సంగతి, వీరుడు ఎదిగిన కొద్దీ అడవి కూడా ఎదుగుతుంది. వీరుడు ఐదో లెవెల్‌కు వస్తే పందులు కూడా ఐదో లెవెల్‌కు వస్తాయి. వీరుడు ముప్ఫయ్యో లెవెల్‌కు చేరితే ఏడో గుట్ట మీది రాకాసి తాటిచెట్టంత అవుతాడు. "ఎవ్వరికీ మరీ అల్కగ ఉండది, మరీ కష్టంగ ఉండది. ఎవరికి తగ్గ పోటీ వాళ్ళకు" అని కనిపించిన ప్రతివాళ్ళకూ చెప్పేవాడు. చెప్పి, మెచ్చుకుంటారేమోనని కాసేపు ఆగేవాడు.

మెచ్చుకోని మనిషి ఆ గదిలోనే ఒకతె ఉండేది. దుర్గ. ఏన్కూరు అవతల అడవి అంచున ఉన్న ఊరి పిల్ల, ఆటలో ప్రతి చెట్టూ ప్రతి రాయీ గీసింది ఆమే.

"అన్నా, నేను పెరిగితే ఎలుగు కూడ పెరుగుడేంది?" అని మొదటి ఏడాదే అడిగింది. "మా దిక్కు ఎలుగు నన్ను లెక్కనే చెయ్యది. దాని బతుకు దానిది."

"అది డిజైన్ దుర్గా."

డిజైన్ అనే మాట జోయెల్ నోట ప్రార్థన చివర ఆమెన్ లాంటిది. దాని తర్వాత ఇంక మాట ఉండదు. అందుకని దుర్గ కూడా అడగడం మానేసి, చెప్పింది గీసేది. "పెట్టెలు మరీ బోసిగ ఉన్నయ్, జెర అడవి కళ రావాలె" అన్నాడొకసారి. ఆమె నలభై ఒక్క పెట్టెల మీదా ఒక్కో పచ్చి కొమ్మ విరిచి పెట్టినట్టు గీసింది. బ్రహ్మాండం అన్నాడు. కొమ్మ ఎందుకని అడగలేదు. ఆమె చెప్పలేదు.

ఇక గండం సంగతి. జోయెల్ తల్లి విశ్రాంతమ్మ ముప్ఫై నాలుగేళ్ళు నర్సుగా చేసి రిటైరైన మనిషి. నొప్పి ఉండదని చెప్పి గుచ్చడం ఆవిడకు అలవాటు. అదే నవ్వు మొహంతో క్రిస్మస్ నాడు కొడుక్కు గడువు పెట్టింది. ఈస్టర్ లోపల ఆటను ఎవరైనా తీసుకుంటే సరి, లేదంటే వాళ్ళ చర్చి పెద్ద ఆరోగ్యం గారు నడిపే కోచింగ్ కాలేజీ హాస్టల్లో వార్డెన్‌గా చేరాలి. తెల్లవారుజామున నాలుగున్నరకు గంట కొట్టి పిల్లల్ని లేపడం ఉద్యోగం.

ఆ హాస్టల్ పేరు వింటేనే జోయెల్ అక్కణ్ణుంచి లేచిపోయేవాడు. ఇంటర్ రెండేళ్ళూ అక్కడే చదివాడు. అతడు కింది సెక్షన్‌లో ఉన్నప్పుడు కింది సెక్షన్ పరీక్ష, కష్టపడి పైకి వస్తే అంతకంటే కష్టమైన పైసెక్షన్ పరీక్ష. రెండేళ్ళు ఎక్కుతూనే ఉన్నాడు గానీ, ఎక్కాననే సంతోషం ఒక్కరోజు కూడా ఎరగడు. సెక్షన్ నుంచి సెక్షన్‌కు తప్ప పక్కకు పోయే దారి లేదు. అలాంటి చోటు నుంచి పారిపోయి వచ్చినవాడు మూడేళ్ళు చెమటోడ్చి అచ్చం అలాంటిదే కట్టాడని మీకు తోచిందేమో, అతడికి మాత్రం తోచలేదు. మనం కూడా ఇప్పుడే చెప్పొద్దు.

ఒక్క ఆశ ఉంది. హైదరాబాద్‌లో ఇలాంటి ఆటలు తీసుకుని జనానికి అమ్మే కంపెనీ ఒకటి ఆట చూస్తామంది. చూడ్డానికి శ్యామల అనే ఆవిడ ఈస్టర్‌కు పది రోజుల ముందు, గురువారం నాడు వస్తానంది. ఒక షరతు పెట్టింది. తను ఆడదు, జోయెల్ ఆడకూడదు. జన్మలో కంప్యూటర్ ఆట ఆడని మనిషి ఎవరైనా ఆడాలి, తను పక్కన కూర్చుని చూస్తుంది.

జన్మలో ఆడని మనిషిని జోయెల్ పది రోజులు ట్రైనింగ్ ఇచ్చి తయారుచేశాడు. పిన్ని కూతురు తబితా. క్రిస్మస్ నాటకాల్లో ఏటా దేవదూత వేషం ఆమెదే, నటన కొట్టినపిండి. మొదటి పెట్టె దగ్గర కొంచెం తడబడాలి, రెండో పెట్టె దగ్గర 'అబ్బ, ఇందులో ఏముందో' అనాలి, రాకాసిని చూడగానే గుండెల మీద చెయ్యి వేసుకోవాలి. అంతా బాగా కుదిరింది. గురువారం తెల్లారేసరికి తబితాకు గవదబిళ్ళలు లేచి మొహం బూరెలా పొంగింది. విశ్రాంతమ్మే స్వయంగా వెళ్ళి చూసి, వారం దాకా గడప దాటడానికి వీల్లేదని తేల్చేసింది.

జోయెల్ నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చున్న ఆ సమయానికి దుర్గ తల్లి ముత్తక్క మెట్లెక్కి వచ్చింది. మిరప సీజను కదా, మార్కెట్ దగ్గర గోదాములో కాయలకు తొడిమలు తీసే పనికి వచ్చి, పది రోజులుగా కూతురి దగ్గర ఉంటోంది. ఆ రోజు సరుకు ఎక్కువై, దించే చోటు లేక యార్డుకు సెలవిచ్చారు. కూతురు మరిచిపోయిన అన్నం డబ్బా ఇచ్చిపోదామని వచ్చింది. డబ్బా ఇచ్చి వెనక్కి తిరిగేసరికి, గుమ్మంలో శ్యామల.

శ్యామలకు నలభై ఏళ్ళుంటాయి. మాట తక్కువ, చూపు ఎక్కువ. గదిని ఒకసారి, ముత్తక్కను ఒకసారి చూసింది.

"ఈమె ఎప్పుడన్నా ఆట ఆడిందా?"

జోయెల్ నోరు తెరిచేలోపల "లేదు మేడం" అంది దుర్గ.

"అయితే ఈమెనే ఆడనివ్వండి."

రొట్టె విరిగి నేతిలో పడిందో నిప్పుల్లో పడిందో జోయెల్‌కు అర్థం కాలేదు. ముత్తక్క మాత్రం ఏ బెరుకూ లేకుండా కుర్చీలో బాసిపట్టు వేసుకుని కూర్చుంది. వీరుణ్ణి నడిపించే రిమోట్ చేతికిస్తే రెండు బొటనవేళ్ళతో ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసింది. రోజుకు ఎన్ని వేల తొడిమలో తీసే వేళ్ళు, నాలుగు నిమిషాల్లో పని పట్టుకున్నాయి. విశ్రాంతమ్మ అతిథికి టీ తెచ్చి, పోకుండా మంచం అంచున కూర్చుంది. ఆవిడవి ఈస్టర్ ముందటి ఉపవాసాల శ్రమల దినాలు, నలభై రోజులు టీ కూడా మానేసింది. కొడుకు భవిష్యత్తు తేలే వేళ పక్కన ఉండాలనుకుందో, టీ వాసన చూసైనా ఉందామనుకుందో.

ఆట మొదలైంది. ముత్తక్క వీరుణ్ణి గుడిసె ముందు నుంచి నాలుగడుగులు నడిపించి, ఎడమ పక్క పొదల్లోకి తోసింది. వీరుడు పొదకు గుద్దుకుని అక్కడే కాళ్ళాడించాడు.

"అటు దారి లేదు పెద్దమ్మా" అన్నాడు జోయెల్.

"అడవిల దారి లేకుండుడేంది? కాలు వెడితె దారి." ఇంకోచోట తోసింది. తర్వాత కుడిపక్క. అయిదు నిమిషాల పాటు ఆ వీరుడు కనిపించిన ప్రతి పొదకూ తల బాదుకున్నాడు. "దీనికి కంచె ఎవలు గట్టిన్రు?"

"నేనే."

"ఎందుకు?"

దానికి జోయెల్ దగ్గర అరగంట ఉపన్యాసం ఉంది గానీ, శ్యామల పెదాల మీద వేలు పెట్టుకుని వద్దంది.

మలుపు తిరగ్గానే మొదటి పెట్టె. బంగారు రంగు, చుట్టూ వెలుగు, మీద పచ్చి కొమ్మ. ముత్తక్క ఆగి చూసింది. పక్కకు తప్పుకుని ముందుకు సాగింది.

"పెద్దమ్మా, పెట్టె. తియ్."

"కొమ్మ వెట్టిన్రు గద."

"అవ్, పెట్టినం. అయితే ఏంది?"

ముత్తక్క అతణ్ణి జాలిగా చూసింది. "ఎవలన్న పువ్వో కాయో పోగేసి మొయ్యలేకపోతె, పోగు మీద కొమ్మ వెట్టి పోతరు బాబూ. అది ఆళ్ళదన్నట్టు. మనం ముట్టొద్దు. పొద్దుగూకేవరకు అచ్చి కొంచవోతరు."

జోయెల్ తల తిప్పి దుర్గను చూశాడు. దుర్గ ఎంతో శ్రద్ధగా పైన తిరుగుతున్న ఫ్యానును చూస్తోంది.

"ఇది ఆట పెద్దమ్మా. ఎవ్వరూ రారు. అన్నీ నీకే."

"నేను వెట్టలే గద, నాయెట్లయితయ్?"

రెండో పెట్టె అంతే, మూడోది అంతే. వాటి పక్కన రాలిపడి మెరిసే మామిడికాయలు, తింటే బలం వస్తుంది. వాటి మీద కొమ్మలు లేవు. జోయెల్ గుండె కుదుటపడి "ఇవన్న తిను" అన్నాడు.

"ఊర్ల కొత్తలు చేసిన్రా?"

"అంటే?"

దుర్గ అందుకుంది. "కొత్త కాయ ముందు దేవతకు పెట్టి పండుగ చెయ్యాలె అన్నా. అప్పటిదాంక మావోళ్ళు నోట్ల వెట్టరు."

"ఈ ఆటల ఊరే లేదు."

"ఊరు లేకపోతె పండుగ ఎవలు చేస్తరు? పండుగ కాకపోతె ఎట్ల తింట?" అంది ముత్తక్క.

"వద్దంటే బలవంతం చేయకు జోయెల్" అంది మంచం మీది నుంచి విశ్రాంతమ్మ. "నాకూ ఈస్టర్ దాకా టీ లేదు. చేస్తే తెలుస్తది దాని సంగతి." ఇద్దరు ఆడవాళ్ళూ ఒకరినొకరు చూసి తలలూపుకున్నారు. జోయెల్ ఒంటరివాడైపోయాడు.

మొదటి గుట్ట మీద అడవిపంది. పది అడుగుల దగ్గరికి వస్తే మీద పడాలని జోయెల్ రాసిపెట్టాడు. ముత్తక్క పన్నెండు అడుగుల దూరంలో వీరుణ్ణి ఆపి, కదలకుండా నిలబెట్టింది. పంది అటు తిరిగింది, ఇటు తిరిగింది, మట్టి వాసన చూసింది. ముత్తక్క తొందరపడలేదు. శ్యామల కూడా గ్లాసు చేతిలో పట్టుకుని తాగడం మరిచిపోయింది. పంది అటు మళ్ళగానే ఇద్దరూ ఒకేసారి ఊపిరి వదిలారు, వీరుడు నడిచాడు.

మంచె వచ్చింది. "ఎక్కి పండుకో పెద్దమ్మా, లెవెల్ పెరుగుతది" అన్నాడు జోయెల్. గొంతులో అప్పటికే బతిమాలుడు చేరింది.

"పనికచ్చి పండుడేంది? ఎండెక్కకముందె పోయి రావాలె."

నాలుగో గుట్ట ఎక్కుతుండగా జోయెల్ ఒక సంగతి గమనించాడు. తెర పైమూలన 'లెవెల్ 1' అని ఉంది. ఇంకా ఒకటే. జంతువుల బలం, వేగం, ఒళ్ళు, అన్నిటినీ అతడు వీరుడి లెవెల్‌తో గుణించి పెట్టాడు, లెవెల్ పెరగకపోతే అవీ పెరగవు. నాలుగో గుట్ట దాకా ఒకటో లెవెల్‌లోనే వచ్చే మనిషి ఉంటుందని ఎన్నడూ అనుకోలేదు. పెట్టె కనిపిస్తే తెరవకుండా ఉండగలగడం అతడి ఊహకే అందని సంగతి. అతడు అన్ని లెవెళ్ళలో ఆడి చూసుకున్నాడు గానీ, ఇక్కడ ఈ లెవెల్‌లో ఆడి చూడలేదు. ఎలుగు రావలసిన చోట ఏం వస్తుందో ఆలోచించేలోపే వచ్చేసింది.

పిల్లంత ఎలుగు. పిల్లి పిల్లంత.

శ్యామల ముందుకు వంగింది. ముత్తక్క మాత్రం ఒక్కసారిగా వీరుణ్ణి రాయి చాటుకు లాగింది.

"ఎలుగు పిల్ల. తల్లి ఈడనే ఉంటది. జెర పైలం."

"తల్లి వస్తుందా?" అని శ్యామల జోయెల్ చెవిలో గుసగుసగా అడిగింది. ఆవిడ కళ్ళల్లో నిజమైన భయం ఉంది. మూడేళ్ళలో అతడు రాసిన ఏ పులీ ఏ పామూ ఎవరినీ అంత భయపెట్టలేదు. తల్లి ఎలుగును తను అసలు రాయనే లేదని చెప్పడానికి జోయెల్‌కు నోరు రాలేదు. లేని ఎలుగుకు భయపడి మిగతా నలుగురూ ఊపిరి బిగబట్టి గుట్ట దాటారు. నాలుగో మనిషి విశ్రాంతమ్మ.

ఏడో గుట్ట. డప్పులు మోగాయి, మెరుపులు మెరిశాయి. "ఎవడ్రా నా గుట్ట ఎక్కిందీ" అని గొంతు గర్జించింది. ఆ గొంతు జోయెల్‌దే. బీరువాలో దుప్పట్ల మధ్య దూరి మూడు రోజులు అరిచి రికార్డు చేశాడు. దాన్ని మాత్రం అతడు లెవెల్‌తో గుణించలేదు. పొగ తేలిపోయాక ఆ గొంతు వెనక నుంచి బండరాకాసి బయటికి వచ్చాడు.

కోడిపెట్టంత ఉన్నాడు.

కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఏమిటో ఆ గదిలో అందరూ కళ్ళారా చూశారు. శ్యామల చేతిలో టీ ఒలికింది. రాకాసి పరుగెత్తుకొచ్చి తన గదతో వీరుడి కాలి బొటనవేలి మీద కొట్టాడు. వీరుడి ప్రాణం ఒక్క చుక్క తగ్గి, రెండో దెబ్బ పడేలోపల మళ్ళీ నిండింది.

"ఈనికి గొంతు పెద్దగున్నది" అంది ముత్తక్క.

"కొట్టు పెద్దమ్మా. ఒక్క దెబ్బకు పోతడు."

"ఎందుకు?"

"వాడు రాకాసి."

"మోకాలెత్తు లేడు. ఏం కొడత పాపం."

వాణ్ణి దాటి ముందుకు పోయింది. నలభై ఒకటో పెట్టె, ఆట మొత్తం దేనికోసమైతే తయారైందో ఆ పెట్టె, గుట్ట మధ్యలో ధగధగలాడుతోంది. మీద కొమ్మ ఉంది. ముత్తక్క పెట్టెను చూసింది, వెనక రాకాసిని చూసింది, "ఈనిదే అయి ఉంటది" అంది. "చూసినం గద, ఇగ పోదాం."

"ఎక్కడికి?"

"ఇంటికి. పోయినోళ్ళం రావొద్దా?"

జోయెల్ ఆటలో వెనక్కి వచ్చే సంగతి ఎవరూ అనుకున్నది కాదు. అయినా దారి అదే కదా, వీరుడు తిరిగి నడవసాగాడు. వీరుణ్ణి ఒకసారి చూశాక రాకాసి వెంటపడడం ఆపకూడదని జోయెల్ రాశాడు. వాడు ఆపలేదు. ఏడు గుట్టలూ ఆమె ముందు, కోడిపెట్టంత రాకాసి వెనక, అప్పుడప్పుడూ మడమ మీద ఓ దెబ్బ, అప్పుడప్పుడూ "ఎవడ్రా నా గుట్ట ఎక్కిందీ". శ్యామల కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుని నవ్వుతోంది. విశ్రాంతమ్మ శ్రమల దినాల్లో ఉన్నానని గుర్తొచ్చి, నవ్వు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకుంది. ఎలుగు పిల్ల కూడా వాళ్ళ వెంట పడింది. పెట్టెలన్నీ కొమ్మలతో అలాగే ఉన్నాయి.

గుడిసె దగ్గరికి వచ్చి ముత్తక్క తలుపు తోసింది. తెరుచుకోలేదు. రాకాసీ ఎలుగూ చెరో పక్కన నిలబడ్డారు.

"వీళ్ళకు ఆకలైనట్టున్నది. లోపల ఏమన్న ఉన్నదా?"

"ఏం లేదు పెద్దమ్మా. అది ఉత్త బొమ్మ."

ముత్తక్క రిమోట్ అతడి చేతిలో పెట్టింది. "గన్ని గుట్టలు కట్టినవ్ గద బాబూ. ఇంట్ల ఒక పొయ్యి వెట్టకపోతివి."

ఆ మాట జోయెల్‌కు ఎక్కడో తగిలింది. శ్యామల కళ్ళు తుడుచుకుని అతడి వైపు తిరిగింది.

"నిజం చెప్తాను, ఏమనుకోకండి. పెట్టెలు తెరిచి, లెవెల్ పెంచి, చివరికి రాక్షసుణ్ణి చంపే ఆటలు మా దగ్గర ఇప్పటికే పదిహేను ఉన్నాయి. పదహారోది నాకొద్దు. ఇప్పుడు చూశానే, ఇది కావాలి. ఇది మీరు అనుకుని చేసిందేనా?"

మూడేళ్ళ పని, హాస్టల్లో తెల్లవారుజామున కొట్టాల్సిన గంట, రెండూ జోయెల్ కళ్ళ ముందు నిలిచాయి. అతడు గొంతు సవరించుకున్నాడు.

"అవ్ మేడం. అదే డిజైన్."

"మరి గంతసేపు తియ్, కొట్టు, పండుకో అని నన్నెందుకు బతిలాడినవ్ బాబూ?" అంది ముత్తక్క. ఎత్తిపొడుపేమీ లేదు, తెలుసుకుందామనే అడిగింది.

జోయెల్ మొహం మాడిపోయింది. ఏం చేయాలో తోచక చేతులతో కళ్ళు రుద్దుకున్నాడు. పది రోజులుగా తొడిమలు తీసిన వేళ్ళు పట్టుకున్న రిమోట్ అది. మిరప ఘాటు కళ్ళల్లోకి పోయి ధారలు కట్టింది. ముక్కు కూడా కారసాగింది. ఆ అవతారంలో ఇంక దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు.

"కాదు మేడం. అబద్ధం చెప్పిన. నేను అనుకున్నది గిది కాదు. ఎవరన్న దారి తప్పుతరేమో అని నాకు భయం, అందుకే పొదలు పెట్టిన. హాస్టల్ల ఉన్నప్పుడు నేనెంత ఎక్కినా పరీక్ష నాతోపాటే ఎక్కేది. గది నాకు చచ్చేంత కోపం. మళ్ళ నేను కట్టింది గదే. ఇప్పుడు కనవడ్డది." చొక్కా చేతితో మొహం తుడుచుకున్నాడు. "కొమ్మలు దుర్గ పెట్టింది. నాకు వాటి సంగతి కూడ తెల్వదు."

"నీకు తెలుసా?" అని శ్యామల దుర్గను అడిగింది.

"తెలుసు మేడం. అన్న అడగలే."

శ్యామల టీ గ్లాసు కింద పెట్టింది. "పొదలు తీసేయండి. ఇంట్లో పొయ్యి పెట్టండి. కొమ్మలు ఉండాలి, తీసినవాళ్ళకు ఏమవుతుందో అదీ ఉండాలి. ఆట మీద ఇద్దరి పేర్లు వేయండి, దుర్గ పేరు ముందు. సరిగ్గా నెల రోజులకు మళ్ళీ వస్తాను. అప్పుడు నచ్చితే మాదే."

అని చెప్పి, బస్సు టైమైందని ముత్తక్కకు దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది.

నెల రోజులు. ఈస్టర్ పది రోజుల్లో ఉంది. జోయెల్ మండే కళ్ళతో తల్లిని చూశాడు. గడువు పెట్టింది ఆవిడ, ముప్ఫై నాలుగేళ్ళ ఉద్యోగంలో ఏ మందూ ఒక్క నిమిషం ఆలస్యంగా ఇవ్వని మనిషి. ఆవిడ లేచి వచ్చి, కొంగుతో రిమోట్ శుభ్రంగా తుడిచి, కుర్చీలో కూర్చుంది.

"ఏదీ, నేనొకసారి చూస్తా."

విశ్రాంతమ్మ చూసిన చూపు ఇది. మొదటి పెట్టె తెరిచింది. కొమ్మ పక్కన పారేసింది. రెండోదీ తెరిచింది. "అది ఎవలదో సిస్టరమ్మా" అని ముత్తక్క అంటూనే ఉంది. "ఉంటే ఉంటదిలే" అంటూ మూడోది తెరిచింది. ప్రతి పందినీ కొట్టింది, ప్రతి మంచె మీదా పడుకుంది. శ్రమల దినాలు గుర్తొచ్చి మామిడికాయలు మాత్రం వదిలేసింది. మధ్యాహ్నం మూడు గంటలకు నలభై పెట్టెల సొత్తుతో, ఒళ్ళంతా కవచాలతో, ముప్ఫయ్యో లెవెల్‌లో ఏడో గుట్ట ఎక్కింది. తాటిచెట్టంత రాకాసి వచ్చి ఒక్క గుద్దు గుద్దాడు.

"చచ్చిపోయావ్" అని తెర మీద పడింది.

"ఇదేం అన్యాయం" అంది విశ్రాంతమ్మ. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. ఈసారి మూడు పెట్టెలు వదిలేసి చూసింది. రాకాసి వేపచెట్టంత ఉన్నాడు, గుద్దు అదే. మూడోసారి మొదలుపెట్టేసరికి ఎండ మెట్ల మీదికి జారింది. ఫోను మోగింది. ఆరోగ్యం గారు. విశ్రాంతమ్మ తెర మీది నుంచి చూపు తిప్పకుండా, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించింది.

జోయెల్ ఫోనుకు దగ్గరగా జరిగాడు.

"ప్రైజ్ ద లార్డ్ అండీ. ఆ, జోయెల్ సంగతేనా? ఈస్టర్ అయినంక చూద్దాం... ఏ ఈస్టరంటే? వచ్చే ఏటిదండీ... కాదండీ, చేతిల పని ఉంది, పంది వస్తాంది, మళ్ళ మాట్లాడుత."

ఫోను మంచం మీద పారేసింది. జోయెల్ గోడకు చేరగిలబడి, మూడేళ్ళలో మొదటిసారి ఒళ్ళు వదులు చేసుకున్నాడు. దుర్గ అప్పటికే తన కంప్యూటర్ ముందు కూర్చుని గుడిసె లోపల పొయ్యి గీస్తోంది, దాని పక్కన కోడిపెట్టంత మనిషి కూర్చోవడానికి సరిపడా పీట కూడా.

సాయంత్రానికి విశ్రాంతమ్మ అయిదోసారి చచ్చిపోయింది. రిమోట్ ఒళ్ళో పెట్టుకుని, సద్దిడబ్బా సర్దుకుని లేస్తున్న ముత్తక్కను ఆపింది.

"ముత్తక్కా, దాచకుండా చెప్పు. ఇన్ని ఆయుధాలు పెట్టుకుని నేను గెలవలేకపోయిన. ఉత్త చేతులతో నువ్వెట్ల గెలిచినవ్?"

ముత్తక్క చెప్పులు వెతుక్కుంటూ తలెత్తింది.

"గెలుసుడేంది సిస్టరమ్మా. నేను పోయచ్చిన అంతె."